పచ్చళ్ళు ఎక్కాయి, ఫైలు ఎక్కలేదు

మన ఇళ్ళల్లో అమెరికా పురుళ్ళకి ఒక పద్ధతి స్థిరపడి చాలాకాలమైంది. కోడలికి ఎనిమిదో నెల రాగానే వాళ్ళమ్మ వెళ్తుంది. విజిటర్ వీసా మీద దిగినవాళ్ళకి మామూలుగా ఒక విడతకి ఆరు నెలలే ఇస్తారు కాబట్టి, ఆవిడ తిరుగు విమానం ఎక్కే వారంలోనే మన అమ్మ అక్కడ దిగుతుంది. తర్వాత మళ్ళీ వియ్యపురాలి వంతు. పిల్లవాడు డేకేర్‌కి అలవాటు పడేదాకా వియ్యపురాళ్ళిద్దరూ ఫ్యాక్టరీలో షిఫ్టుల్లా మారుతూనే ఉంటారు. ఫేస్‌బుక్‌లో పెట్టే ఫొటోలు మాత్రం నయాగరా దగ్గరవి.

ఈ షిఫ్టులు చేసేవాళ్ళకి అరవై ఐదేళ్ళు, డెబ్భై ఏళ్ళు. బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు, కొందరికి గుండెలో స్టెంటు. వాళ్ళల్లో ఎవరో ఒకరు అక్కడ మంచాన పడతారు. ఇక ఇక్కడ మనం, అక్కడ మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ తిండీ నిద్రా మానేసి బెంగపడతాం. ఆ బెంగ నిజమైనదే. దాన్ని చూసి మనల్ని ఎవరూ తప్పు పట్టరు, పైగా జాలిపడతారు. ఇన్నేళ్ళూ దాని చాటున దాక్కోగలిగింది అందుకే.

మా పెద్దమ్మ సంగతి రాస్తున్నాను. రాసే ముందు గుంటూరులోనూ హనుమకొండలోనూ తెలిసినవాళ్ళని కదిపి చూశాను. ఊళ్ళూ జబ్బులూ మారాయి కానీ కథ దాదాపు ఇదే.

ఆవిడ న్యూజెర్సీ బయల్దేరేనాటికి స్టెంటు వేసి ఏడాది కూడా నిండలేదు. ఇక్కడి డాక్టరు వెళ్ళొచ్చన్నాడు, మందులు ఒక్క పూట కూడా మానకూడదని మరీ మరీ చెప్పాడు. ప్రయాణానికి ముందురోజు రాత్రి పెద్దమ్మ వాళ్ళింటి హాల్లో రెండు సూట్‌కేసులు తెరిచి పెట్టి, చేత్తో ఎత్తి పట్టుకుని తూచే చిన్న త్రాసుతో ఇంటిల్లిపాదీ కుస్తీ పట్టాం. పెట్టెకి ఇరవై మూడు కిలోలు దాటకూడదు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, నల్లకారం, సున్నుండలు, బాలింత కోసం వాముపొడి, పిల్లకి వెండి గిన్నె, కోడలి స్నేహితురాలెవరో తెప్పించుకుంటున్న పట్టుచీర. రెండో పెట్టె కిలోన్నర ఎక్కువ తూగింది. పచ్చడి డబ్బా తీద్దామా అంటే అక్కడి అబ్బాయికి ఇష్టం అన్నారు. చీర తీద్దామా అంటే మాట పోతుంది అన్నారు. అడుగున ఉన్న ప్లాస్టిక్ ఫైలు బయటికి వచ్చింది. డిశ్చార్జి సమ్మరీ, యాంజియోగ్రాం సీడీ, ఈసీజీలు, రెండేళ్ళ రిపోర్టులు అందులో ఉన్నాయి. ఫొటోలు తీసి పంపిస్తాంలే అనుకున్నాం. తీసి పక్కన పెట్టింది నేనే అని గుర్తు. కాదనలేదు ఎవరూ. ఫైలు బీరువా మీదికి చేరింది, ఫొటోలు తీసినవాళ్ళు లేరు.

మందులు ఎలా సర్దామో కూడా చెప్పాలి. చోటు మిగులుతుందని అట్టపెట్టెలన్నీ పారేసి, స్ట్రిప్పులు ఒక జిప్ కవర్లో కుక్కాం. ప్రిస్క్రిప్షను ఫైల్లో ఉండిపోయింది. సొంతానికి మందులు తీసుకెళ్ళేవాళ్ళు సుమారు మూడు నెలలకి సరిపడా తెచ్చుకోవచ్చన్నది అమెరికాలో మామూలు లెక్క. ఆవిడ ఉండబోయేది ఆరు నెలలు. మిగతా మూడు నెలల సంగతి ఏమిటని అడిగితే, కొరియర్ చేస్తాం అని ఒకరు, అక్కడ కొనుక్కోవచ్చు అని ఒకరు. మన డాక్టరు రాసిన చీటీ చూపిస్తే అక్కడి మందుల షాపులో ఇవ్వరు, అక్కడి డాక్టరు మళ్ళీ చూసి రాయాలి, ఆ చూపించుకోవడానికే ఫీజు. ఇది తెలియని కుటుంబం కాదు మాది. ఇద్దరు ఫార్మసిస్టులున్నారు.

విమానంలో ఆవిడ నీళ్ళు తాగలేదు. బాత్రూం తలుపు ఎటు లాగాలో తెలియక, పక్కవాళ్ళని లేపడానికి మొహమాటపడి, ఇరవై గంటల పైన గొంతు తడుపుకుంటూ కూర్చుంది. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో కాళ్ళ సిరల్లో రక్తం గడ్డ కట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశోధన 2007లోనే తేల్చింది. లేచి నడవాలి, నీళ్ళు తాగాలి. ఆవిడకి మేం చెప్పింది ఒకటే: వీల్‌చెయిర్ బుక్ చేశాం, ఎవరితోనూ మాట్లాడే పని లేకుండా వాళ్ళే తీసుకెళ్తారు.

దిగాక నేర్పించినవి బోలెడు. డిష్‌వాషర్ ఎలా వేయాలి, డైపర్ల డబ్బా ఎలా మూయాలి, పాల సీసాలు ఎన్ని నిమిషాలు మరగాలి, గరాజ్ తలుపు నంబరు, టీవీలో తెలుగు ఛానెల్. పొద్దున ఎనిమిదికి కొడుకూ కోడలూ ఎవరి ల్యాప్‌టాప్‌తో వాళ్ళు గదుల్లోకి, ఆఫీసుల్లోకి వెళ్ళిపోయాక ఆ ఇంట్లో పసిపిల్లతో ఉండేది ఆవిడే. అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911 గురించి ఎవరూ చెప్పలేదు. సిమ్ లేని ఫోనైనా సిగ్నల్ ఉంటే ఆ నంబరుకి కలుస్తుందని, ‘తెలుగు’ అన్న ఒక్క మాట అంటే చాలా చోట్ల దుబాసీని లైన్లోకి తీసుకుంటారని, ఇంటి నంబరూ వీధి పేరూ ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాలని మాకు తట్టలేదు. ఆవిడ ఫోను వైఫై ఉన్నంత మేరే పనిచేసేది. వాట్సాప్‌లో మాకు గుడ్ మార్నింగులు పంపడానికి అది చాలింది.

911 మాట ఆ ఇంట్లో రానేలేదని కాదు. వచ్చింది, హాస్యంగా. ఆవిడ వెళ్ళిన కొత్తలో ఒక ఆదివారం వీడియో కాల్లో అందరం ఉన్నాం. పెద్దమ్మ చిన్నకొడుకు తన స్నేహితుడి తండ్రికి వచ్చిన అంబులెన్స్ బిల్లు చదివి వినిపించాడు. ‘పెద్దమ్మా, ఇక్కడ అంబులెన్స్ ఎక్కడం కన్నా కారు కొనుక్కోవడం చవక’ అన్నాను నేను. ‘ఇక్కడ జ్వరమొస్తే ఇండియా టికెట్ కొనడం నయం’ అంది చెల్లెలు. నవ్వుకున్నాం. ఆవిడా నవ్వింది. ఏ తెలుగింటికి వెళ్ళండి, అమెరికా ఆస్పత్రుల మీద ఇలాంటి జోకులు నాలుగైనా ఉంటాయి. వాటిలో నిజం లేకపోలేదు. కానీ వాటిని ఎవరి ముందు వేస్తున్నామో చూసుకోలేదు. జీవితమంతా కొడుకు కోసం రూపాయి రూపాయి దాచిన మనిషికి, నీకు జబ్బు చేస్తే నీ కొడుకు అప్పులపాలవుతాడని నవ్వుతూ, పదే పదే, పళ్ళెం ముందు కూర్చోబెట్టి చెప్పాం.

ఆవిడ ఆ పాఠం బుద్ధిగా నేర్చుకుంది. మూడో నెలలో మాత్రలు తగ్గిపోతున్నాయని గమనించి, రక్తం పలచబడే మాత్రని రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలెట్టింది. కొడుకుతో చెప్తే డాక్టరంటాడు, డాక్టరంటే డబ్బు. తర్వాత ఒకరోజు ఛాతీలో బరువుగా అనిపించింది. గ్యాస్ అనుకుని వాము నమిలింది. మర్నాడు మెట్లెక్కుతుంటే ఆయాసం. ‘ఏంటమ్మా అలా ఉన్నావ్’ అంటే నిద్ర చాలలేదంది. ఆ రాత్రి కూడా గడిచాక, తెల్లవారుజామున పాపకి పాలు కలుపుతూ వంటగదిలో కూలబడింది.

ఇప్పుడు ఇన్సూరెన్స్ సంగతికి వస్తాను. ఇక్కడ మా తప్పు కాగితం మీదే ఉంది.

విజిటర్లకి దొరికే పాలసీలు ముఖ్యంగా రెండు రకాలు. ఫిక్స్‌డ్ బెనిఫిట్ అనే రకం డాక్టరు చూస్తే ఇంత, ఆస్పత్రిలో రోజుకి ఇంత, ఆపరేషనుకి ఇంత అని ముందే రాసిపెట్టిన మొత్తం ఇచ్చి చేతులు దులుపుకుంటుంది, అసలు బిల్లు దానికి ఎన్ని రెట్లున్నా సరే. కాంప్రహెన్సివ్ అనే రకంలో డిడక్టిబుల్ మనం కట్టుకున్నాక మిగతాదాన్లో ఎక్కువ భాగం, పాలసీ పరిమితి దాకా, కంపెనీ భరిస్తుంది. ప్రీమియం ఎక్కువ. డెబ్భై దాటినవాళ్ళకి ఆ పరిమితి కూడా బాగా తగ్గిపోతుంది. పాత జబ్బులకి రెండింట్లోనూ మామూలుగా కవరేజీ లేదు. మంచి పాలసీల్లో ‘అక్యూట్ ఆన్‌సెట్’ అని ఒక వెసులుబాటు ఉంటుంది: పాత జబ్బే అయినా, ముందు ఏ సూచనా లేకుండా హఠాత్తుగా ముంచుకొస్తే కొంత మొత్తం దాకా ఇస్తారు. అయితే చాలావాటిలో షరతు ఏమిటంటే, లక్షణం కనిపించిన 24 గంటల లోపు వైద్యానికి వెళ్ళి ఉండాలి.

మేం ఏది కొన్నామో ఊహించడం కష్టం కాదు. చవకవి ముందు వచ్చే ధరల వరుసలో పైనున్నది నొక్కాం. ఫిక్స్‌డ్ బెనిఫిట్. పాత జబ్బుల ముక్క ఎవరం చదవలేదు. ‘ఏదో ఒకటి ఉండాలి కాబట్టి’ అని కొన్నాం, ఏమీ కాదని నమ్మి. ఒకవేళ ఖరీదైనదే కొన్నా, ఛాతీ బరువుని రెండు రాత్రులు దాచిపెట్టిన మనిషికి ఆ 24 గంటల షరతు ఎలా వర్తిస్తుంది? మా జోకులు ఆవిడ నోరు నొక్కాయి. నోరు నొక్కుకున్నందుకు పాలసీ కూడా చేతులెత్తేసేది. కంపెనీని తిడుతూ మేం కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజీలు ఇప్పటికీ ఉన్నాయి, చదువుకుంటే సిగ్గేస్తుంది.

ఆస్పత్రిలో మొదటి గంటలో జరిగినది పెద్దమ్మ కొడుకు, మా తమ్ముడు, తర్వాత చెప్పాడు. ఎమర్జెన్సీ డాక్టరు అడిగింది: స్టెంటు ఎప్పుడు వేశారు, ఏ రకం, ఎన్ని, ఏ రక్తనాళంలో, ఇప్పుడు ఏ మందులు? వాడికి తెలిసింది ‘పోయిన సంవత్సరం, ఒకటో రెండో’. మాత్రల మీద ఉన్న మన బ్రాండ్ పేర్లు అక్కడివాళ్ళకి తెలియవు. స్ట్రిప్పు వెనకనున్న సన్నని అక్షరాల్లోంచి అసలు మందు పేరు ఒక నర్సు ఫోను వెలుగులో చదివింది. మందులు సరిగ్గా వేసుకుంటున్నారా అని డాక్టరు అడిగితే వాడు తెలుగులో అమ్మని అడిగాడు. ‘వేసుకుంటున్నాగా నాన్నా’ అంది. వాడు అదే ఇంగ్లీషులో చెప్పాడు.

మర్నాడు పొద్దున ఆస్పత్రివాళ్ళు ఫోన్లో దుబాసీని పిలిచారు. ప్రభుత్వ సొమ్ము అందుకునే ఆస్పత్రులు భాష రానివాళ్ళకి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చెయ్యాలి. రోగి పిల్లలూ మనవలూ ఆ పని చెయ్యడం వాళ్ళకి ఇష్టం ఉండదు, మైనర్లనైతే ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప వాడకూడదు. స్పీకర్లో ఎవరో తెలుగావిడ గొంతు వినిపించింది. ‘అమ్మా, మీరు చెప్పేది నేను ఉన్నదున్నట్టు డాక్టరుగారికి చెప్తాను, ఇంకెవరికీ చెప్పను’ అంది. పెద్దమ్మ కొడుకుని కాఫీ తెమ్మని బయటికి పంపింది. ఆ పరాయి గొంతుతో అంతా చెప్పింది. మాత్రలు రోజు విడిచి రోజు అని, నొప్పి సోమవారం నుంచీ అని, రాత్రిళ్ళు నాలుగైదు సార్లు బాత్రూంకి లేవాల్సి వస్తోందని, అది కొడుకుతో ఎలా చెప్పనని. మా అందరి ప్రేమల మీదా ఆవిడకి లేని నమ్మకం ముఖం కూడా చూడని మనిషి మీద కుదిరింది. పెద్దమ్మ దగ్గర కూడా నిజం ఉంది, అడగాల్సిన పద్ధతిలో అడిగితే ఇస్తుంది అన్న సంగతి మాకు డిశ్చార్జి కాగితం చదివితే గానీ తెలియలేదు.

ఇక్కడ మేమేం చేస్తున్నాం ఆ సమయంలో? గ్రూపులో హనుమాన్ చాలీసా ఆడియో వచ్చింది. అర్జునబెరడు కషాయం గురించి ఒక వీడియో వచ్చింది. ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదివే మేనకోడలు ఈసీజీ ఫొటో పెట్టమంది. మావాడికి ఆ రాత్రి మా వైపు నుంచి కాల్స్ ఆగలేదు. ప్రతివాళ్ళకీ మొదటి నుంచీ చెప్పాలి, ప్రతివాళ్ళనీ ఓదార్చాలి. ‘ఏం తింది?’ అని అడిగినవాళ్ళున్నారు. వాడు అడిగింది ఒకటే, బీరువా మీదున్న ఫైలు. ఇంటి తాళం పెదనాన్న దగ్గర ఉంది. పెదనాన్నకి చెప్పకూడదని మేమంతా ముందే తీర్మానించుకున్నాం, ఆయనకీ గుండె బలహీనం కదా. కాబట్టి ఫైలు అడగడానికి వీల్లేకపోయింది. కరెంటు బిల్లు కావాలని అబద్ధం చెప్పి తాళం తీయించేసరికి మరునాడు సాయంత్రం అయింది. ఆయనకి అప్పటికే తెలుసు. పక్కింటివాళ్ళ అబ్బాయి అక్కడే ఎడిసన్‌లో ఉంటాడు.

దాచడంలో మనం ఘనులం. అమ్మ నొప్పి దాస్తుంది, కొడుకు బిల్లు దాస్తాడు, మనం కబురు దాస్తాం, డాక్టరు ముందు అందరం కలిసి నిజం దాస్తాం. అందరిదీ ప్రేమే.

ఆవిడ బతికింది. ఒక కొత్త స్టెంటు, కొన్నాళ్ళ ఐసీయూ, లక్ష డాలర్లు దాటిన బిల్లు. ఆ బిల్లు కథలో కూడా మా అజ్ఞానమే ఎక్కువ. ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని, చేతిలో డబ్బు లేదని పరీక్షించకుండా, ప్రాణాపాయం తప్పించకుండా తిప్పి పంపకూడదని అమెరికాలో 1986 నుంచి చట్టం ఉంది. మెడికేర్ సొమ్ము తీసుకునే ఆస్పత్రులన్నిటికీ అది వర్తిస్తుంది, అంటే దాదాపు అన్నిటికీ. బిల్లు తర్వాత వస్తుంది, నిజమే. లాభాపేక్ష లేని ఆస్పత్రులు ఆర్థిక సహాయ విధానం ఒకటి రాసి, అడిగినవాళ్ళకి చూపించాలని 2010 నాటి ఆరోగ్య చట్టంలో ఉంది. విజిటర్లకి అది అందుతుందా లేదా అన్నది ఆస్పత్రిని బట్టి ఉంటుంది, కానీ దరఖాస్తు పెట్టడానికి అడ్డేమీ లేదు. వివరంగా పద్దులవారీ బిల్లు అడగొచ్చు, తగ్గించమనొచ్చు, వాయిదాలు కోరొచ్చు. తమ్ముడు ఇవన్నీ చేశాడు, ఆస్పత్రిలోని సోషల్ వర్కర్ చెయ్యి పట్టుకుని నడిపించాక. మొత్తం బాగానే తగ్గింది. ఈ నాలుగు ముక్కలు మేం ఆ ఆదివారం జోకుల బదులు చెప్పి ఉంటే ఆవిడ మొదటి రోజే నోరు విప్పేది. మొదటి రోజే వెళ్తే ఐసీయూ దాకా వచ్చేది కాదని డాక్టరే అంది.

ఇది మా ఒక్క ఇంటి బుద్ధి అయితే పత్రికకి రాయక్కర్లేదు. మనవాళ్ళెవరైనా అక్కడ పోతే, శవాన్ని ఊరికి చేర్చడానికి మనం చందాలు ఎంత ఉదారంగా ఇస్తామో చూశాను. తెలుగు సంఘాల వాలంటీర్లు పనులు మానుకుని ఫ్యూనరల్ హోముకీ కాన్సులేటుకీ తిరుగుతారు. మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ కాగితం, రద్దు చేయించిన పాస్‌పోర్టు, నిరభ్యంతర పత్రం అన్నీ సమకూర్చి పెట్టె విమానం ఎక్కిస్తారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వందేసి డాలర్లు పంపుతారు. గొప్ప సంగతే. కానీ మా కుటుంబంలో పదకొండు ఇళ్ళున్నాయి, చవక పాలసీకీ మంచి పాలసీకీ ఉన్న తేడా తలా కొంచెం వేసుకుంటే ఎవరికీ భారం కాదు. ఆ మాట ఎవరి నోటా రాలేదు. అడిగితే తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడని సర్ది చెప్పుకున్నాం.

బీమా తప్పనిసరి చేసిన చోట్ల సంగతి చూడండి. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో పదో తరగతి దాటని కుర్రవాడు గల్ఫ్‌కి కూలికి వెళ్తే, ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరమైన పాస్‌పోర్టు కాబట్టి, ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకి 275 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో పోతే పది లక్షలు. అది చాలదని గల్ఫ్ సంఘాలవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు, వాళ్ళ గోడు వేరే వ్యాసం. యూరప్ చూడ్డానికి షెంజెన్ వీసా కావాలంటే కనీసం 30 వేల యూరోల వైద్య బీమా చూపించందే ముద్ర వేయరు. అమెరికా విజిటర్ వీసాకి బీమా అడగరు. అడగని చోట మనం ఏం చేస్తామో తెలిసిపోయింది. చదువుకున్న ఇళ్ళం, వీసా ఇంటర్వ్యూకి అమ్మ చేత వారం రోజులు జవాబులు బట్టీ పట్టించాం. ఎమర్జెన్సీ గదిలో అడిగే ప్రశ్నలకి ఒక్క జవాబూ నేర్పలేదు.

పెద్దమ్మ ఇప్పుడు తెనాలిలో ఉంది. ఎందుకు చెప్పలేదమ్మా అని ఒకసారి అడిగాను. ‘మీరే అన్నారుగా, కారు కొన్నంత అని’ అంది, నిష్ఠూరం లేకుండా, లెక్క ఒప్పజెప్పినట్టు. తర్వాత పాపకి పళ్ళు వస్తున్నాయట అని వీడియో చూపించింది.

మా చిన్నాన్నా పిన్నీ డిసెంబరులో డల్లాస్ వెళ్తున్నారు. చిన్నాన్నకి డెబ్భై రెండు, ఇన్సులిన్ మీద ఉన్నాడు. గ్రూపులో టికెట్ల ధరలు వచ్చాయి, ఏ పచ్చళ్ళు కావాలో చెల్లెలు జాబితా పెట్టింది. నిన్న ఎవరో ఇన్సూరెన్స్ లింకు కూడా పెట్టారు, ‘ఇదే అన్నిటికంటే తక్కువ’ అని. తెరిచి చూశాను, ఫిక్స్‌డ్ బెనిఫిట్టే. అప్పటికే తొమ్మిది మంది బొటనవేలు గుర్తు పెట్టేశారు. చిన్నాన్న రిపోర్టులు ఎవరి దగ్గరున్నాయి, ఆరు నెలల ఇన్సులిన్ సంగతేమిటి అని రాయడానికి మొదలుపెట్టి, శుభమా అని వెళ్తుంటే అపశకునం మాటలెందుకంటారేమోనని ఆపేశాను. ప్రయాణానికి ఇంకా టైముంది.